ఊరగాయ జాడీకి ఉన్న కాపలా

పెళ్లిపత్రిక అని వచ్చినదాన్ని తెరవకుండా ఉండడం మా వంశంలో పుట్టినవాళ్లకు చేతకాదు. పోయిన నెల మా పెదనాన్న ఫోన్‌కు వాట్సాప్‌లో ఒక పత్రిక వచ్చింది. పంపినవాడు దమ్మపేటలో ఎరువుల కొట్టున్న దూరపు చుట్టం. ఎవరి పెళ్లో, ఎక్కడి పెళ్లో ఏమీ లేదు. అది ఫోటో కాదు, పీడీఎఫ్ కూడా కాదు. పేరు చివర ఏపీకే అని ఉంది, అంటే ముట్టుకుంటే ఫోన్‌లో కొత్త యాప్ ఒకటి దిగబడే ఫైలు. పాపం ఫోన్ రెండుసార్లు అడ్డంపడింది, ఇది ప్రమాదం కావచ్చు, అయినా దించమంటారా అని. ఎనభై దాటిన మా పెదనాన్న రెండుసార్లూ దించమన్నాడు. మెసేజీలు చదవడానికి అనుమతి అడిగితే అదీ ఇచ్చాడు. ఎందుకిచ్చావని తర్వాత నేనడిగితే, చుట్టాలు పెళ్లికి పిలిస్తే అనుమానంగా చూస్తామా, మనకు మర్యాద లేదా అన్నాడు. సాయంత్రానికల్లా ఆ పత్రిక ఆయన ఫోన్‌లో పేరున్న ప్రతి మనిషికీ తనంతట తానే వెళ్లిపోయింది. వాళ్లు కూడా మర్యాదస్తులే కాబట్టి చాలామంది తెరిచారు.

ఇంట్లో కంప్యూటర్ తెలిసిన మనిషినని నాకొక పేరుంది. కాబట్టి ఖమ్మం నుంచి నన్ను పిలిపించారు. బూర్గంపాడులో బస్సు దిగి వెళ్లేసరికి ముందుగదిలో అందరూ పరామర్శకు వచ్చినట్టు కూర్చుని ఉన్నారు. ఫోన్‌ను స్టూలు మీద పెట్టి దూరం నుంచి చూస్తున్నారు. తెరవకముందు ఉండాల్సిన భయం తెరిచాక వచ్చింది. నేను ముందు ఇంటర్నెట్ కట్ చేశాను. నా ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పాను. దిగబడిన యాప్ తనకు పేరు గానీ బొమ్మ గానీ కనపడకుండా చేసుకుని ఉంది. దాన్ని వెతికి, ఇచ్చిన అనుమతులన్నీ లాగేసి, తీసేశాను. వాట్సాప్‌ను వేరే ఎక్కడైనా తెరిచి ఉంచారేమో చూసి అదీ మూసేశాను. నేను ఇదంతా చేస్తుంటే పెదనాన్న కూతురు సుజాత, మధిర నుంచి తండ్రిని చూడ్డానికి వచ్చి ఉంది, నా పక్కన చేరి మెల్లగా అడిగింది, అక్కా, ఇంతకీ ఆ పెళ్లి ఎవరిదంట అని. దాని తెలివికి నేను కొత్తగా ఆశ్చర్యపోయేదేమీ లేదు.

ఫోన్ కొన్న కాగితాలు పాత ఇనప్పెట్టెలో ఉంటాయంటే వెతకడానికి వెళ్లాను. ఒకప్పుడు మా కొట్లో ఉన్న పెట్టె అది. విరిగిన కీబోర్డు, ఎండిపోయిన టోనర్ డబ్బా, పెళ్లి కార్డుల నమూనాల అట్ట తీసి పక్కన పెడుతుంటే అడుగున ఒక సీడీ కనపడింది. దాని మీద నీలం మార్కర్‌తో గుండ్రటి అక్షరాలు. "మా ఊరోళ్ల పోడు కాగితాలు. జాగ్రత్త." ఆ అక్షరాలు జోగమ్మవి. అందులో ఏముందో ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. సుజాత తొంగిచూసి ఏంటక్కా అదని అడిగింది. పాటలు అన్నాను. అది నిజమే.

అప్పుడు నేను డిగ్రీ అయిపోయి, ఏం చెయ్యాలో తోచక పెదనాన్న ఇంట్లో ఉండి కొట్లో పనిచేస్తున్నాను. కోస్తా నుంచి మా తాత ఇక్కడికి వచ్చి అడవి అంచున భూములు కొని మిరపతోట వేశాడు. ఆ భూములు ఎవరి దగ్గర, ఎలా కొన్నాడో మా ఇంట్లో ఎవరూ ఎత్తని మాట. పెదనాన్న హయాం వచ్చేసరికి ఇంటి ముందుగదిని కొట్టుగా మార్చి జిరాక్సు, డీటీపీ, పెళ్లి కార్డులు అని బోర్డు పెట్టాడు. కంప్యూటర్ గురించి ఆయనకు తెలిసింది ఒకటే, అది తన కొట్లో ఉందని. చెప్పులు విడవనిదే ఎవరినీ లోపలికి రానిచ్చేవాడు కాదు. పెద్ద కంప్యూటర్‌కు శుక్రవారం బొట్టు పెట్టించేవాడు, పక్కన నిమ్మకాయ, మిరపకాయలు కట్టించాడు. వైరస్‌ను ఆపే సాఫ్ట్‌వేర్ గడువు ఎప్పుడో తీరిపోయింది. రోజూ పొద్దున తెరమీద ఒక మూల ఆ సంగతి చెప్తూ చిన్న డబ్బా లేచేది. గుమ్మం ముందు నిలబడ్డ బిచ్చగాణ్ని పొమ్మన్నట్టు దాన్ని మూసెయ్యమనేవాడు. దిష్టి తగలకుండా అంత చేసినవాడు తలుపు మాత్రం బార్లా తెరిచిపెట్టాడు.

అదే ఇంట్లో వెనక ఇంకో రాజ్యం ఉండేది. అది మా పెద్దమ్మది. వేసవిలో ఆవకాయ కలిపిన రోజు నుంచి ఆ పెద్ద జాడీకి ఉన్న కాపలా బ్యాంకులకు కూడా ఉండదు. వాసెనగుడ్డ కట్టి, పైన రాతిబిళ్ల పెట్టి, చీకటి గదిలో మూలన ఉంచేది. రోజువారీ వాడకానికి చిన్న జాడీ వేరే. పదిహేను రోజులకొకసారి తలస్నానం చేసి, చేతులు పొడిగుడ్డతో తుడుచుకుని, ఎండలో పెట్టిన గరిటెతో తనే పెద్దజాడీలోంచి చిన్నదానిలోకి తీసేది. తడి చెయ్యి పెడితే ఏడాది సరుకంతా బూజుపడుతుందని అందరికీ తెలుసు. పెదనాన్న అంతటివాడు కూడా ఆ గదిలోకి అడుగుపెట్టేవాడు కాదు. ఎండుమిరప ఘాటు, నూనె వాసన, గోదావరి మీది గాలితో వచ్చే కాగితం మిల్లు వాసన కలిసి ఇప్పటికీ నాకు ఆ ఇల్లంటే అవే. ఊరగాయకు అంత బుర్ర పెట్టినవాళ్లు కంప్యూటర్ దగ్గరకొచ్చేసరికి ఆ బుర్రను చెప్పులతోపాటు గుమ్మం బయటే విడిచేవాళ్లు.

జోగమ్మ మా కొట్లో పనికి చేరింది ఆ రోజుల్లోనే. బూర్గంపాడుకు ఆవల అడవిలో ఉన్న కోయగూడెం అమ్మాయి. నాకంటే ఏడాది చిన్న. భద్రాచలంలో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి వచ్చింది. నేను ఒక వేలితో వెతుక్కుంటూ కొట్టే చోట ఆమె తెరవైపు చూస్తూ పది వేళ్లతో కొట్టేది. గూడెం పిల్లకు ఇంత వచ్చా అని మా ఇంటికొచ్చిన ప్రతివాడూ ఆమె ముందే ఆశ్చర్యపడేవాడు. అదొక మెచ్చుకోలని వాళ్ల ఉద్దేశం. పెద్దమ్మ ఆమెకు మంచినీళ్లు వేరే గ్లాసులో ఇచ్చేది. ఆ గ్లాసు కిటికీ బయట గూట్లో ఉండేది. నేను రోజూ చూశాను, రోజూ ఊరుకున్నాను.

చేరిన నెలలోనే జోగమ్మ మా కొట్టుకు ఒక పద్ధతి పెట్టింది. మూలన పడేసిన పాత కంప్యూటర్‌ను బాగుచేసింది. దానికి పెద్ద కంప్యూటర్‌తో ఏ తీగా కలపలేదు. బయటినుంచి ఏ సీడీ వచ్చినా, ఏ పెన్‌డ్రైవ్ వచ్చినా ముందు దానిలోనే పెట్టాలి. పెట్టేటప్పుడు కీబోర్డు మీద షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి, అప్పుడు లోపలున్నది తనంతట తాను లేచి నడవదు. దాచిన ఫైళ్లు కూడా కనపడేలా పెట్టుకుని చూడాలి. ఫోల్డర్ బొమ్మ వేసుకుని కూర్చున్నదల్లా ఫోల్డర్ కాదు, దాని పక్కన రకం ఏమని రాసుందో చదవాలి. అక్కడ అప్లికేషన్ అని ఉంటే అది వేషం వేసుకున్న దొంగ. బాగుందనుకున్నాకే కావలసింది మాత్రం పెద్దదానిలోకి ఎక్కించాలి. ఇదంతా ఆమె ఒక నోట్‌బుక్‌లో రాసి నా సొరుగులో పెట్టింది. ఎందుకింత చాదస్తమని నేను నవ్వితే, "మీ పెద్దమ్మ చిన్న జాడీ ఎందుకు పెట్టుకున్నది మరి" అంది. నేను నవ్వడం మానలేదు గానీ చెప్పినట్టే చేశాను.

ఒకసారి ఒక బడిపంతులు ఏడుపు మొహంతో వచ్చాడు. పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ పోయి, వాటి పేర్లతోనే ఉత్తుత్తి ఫోల్డర్లు కూర్చున్నాయి. జోగమ్మ పాత కంప్యూటర్‌లో పెట్టి నల్లతెర ఒకటి తెరిచి ఒక్క వరుస ఆదేశం కొట్టింది. పోయాయనుకున్నవన్నీ తిరిగొచ్చాయి. ఆ వైరస్ ఏదీ చెరపదట. ఉన్నవాటిని దాచేసి వాటి స్థానంలో తను కూర్చుంటుందట. భయపడి మనమే అన్నీ చెరిపేసుకుంటామని చెప్పి, ఆ వరుసను కూడా నోట్‌బుక్‌లో రాసింది. నేను పక్కనే నిలబడి చూశాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నేనూ గుర్తుపెట్టుకున్నాను కాబట్టే ఇదంతా రాయాల్సి వస్తోంది.

అడవిలో చెట్లు కొట్టి సాగుచేసుకున్న పోడు భూములకు హక్కు కాగితాలిస్తారని అర్జీలు పెట్టుకుంటున్న రోజులవి. తాతల నాటి నుంచి ఆ భూమి తాము దున్నుతున్నదేనని రుజువు చూపాలి. కాగితమే లేని వాళ్లకు రుజువంటే ముసలివాళ్ల మాటే. జోగమ్మ కొట్టు పని అయ్యాక, పెదనాన్నను బతిమాలి, తన ఊరి ముసలివాళ్లను ఇద్దరేసి చొప్పున పిలిపించేది. వాళ్లు బల్ల మీద కూర్చుని కోయభాషలో చెప్తుంటే ఆమె వింటూనే తెలుగులో టైపు చేసేది. మధ్యలో రాసుకోవడం లేదు, చిత్తుప్రతి లేదు. అన్నీ పూర్తయ్యాక ఒకేసారి ప్రింట్లు తీసి గ్రామసభ ముందు వేలిముద్రలు వేయించాలని ఆమె లెక్క. రెండు నెలలు అట్లా సాగింది. వాళ్లు లేచి వెళ్లగానే పెదనాన్న అగరొత్తి వెలిగించేవాడు, వాళ్ల ఒంటికి పట్టిన కట్టెల పొగ వాసన పోవాలని. ఎక్కువ పొగ అగరొత్తిదే.

ఒకరోజు జోగమ్మ వాళ్ల తాత వచ్చాడు. నడుము వంగిపోయినా గొంతు గట్టిగా ఉండేది. తన పొలానికి తూర్పున రెండు మద్దిచెట్లు, పడమట వాగు, వాగుగట్టున చనిపోయిన తన తల్లి పేరుమీద పాతిన రాయి, అన్నీ వేళ్లమీద చెప్పాడు. ఆ రాయి ఎవరు పాతారో, ఆ రోజు ఏ మేకను కోశారో కూడా చెప్పాడు. అంతా అయ్యాక తెర వంక అనుమానంగా చూసి మనవరాలిని ఏదో అడిగాడు. ఏమంటున్నాడని నేనడిగితే జోగమ్మ నవ్వుతూ చెప్పింది, "కరెంటు పోతే నా మాట కూడ పోతదా అంటున్నడు." పోదని ఆయనకు చెప్పింది. ఇందులో ఒకటి, సీడీలో ఒకటి, రెండు చోట్ల ఉంటుందని చెప్పింది. ముసలాయన తల ఊపి కర్ర తీసుకున్నాడు.

ఆ వేసవిలో వాళ్ల ఊళ్లో మామిడి పండగ వచ్చింది. ఆ పండగ చేసి పెద్దలు ముందు రుచి చూడనిదే చెట్టునిండా కాయలున్నా ఊళ్లో ఎవరూ కొరకరు. జోగమ్మ మూడు రోజులు సెలవడిగింది. తిరిగొచ్చిన మర్నాడే గ్రామసభ. వెళ్లేముందు డబ్బాలో మిగిలిన ఒక్క ఖాళీ సీడీ తీసి, దానిమీద మార్కర్‌తో పేరు రాసి నా చేతికిచ్చింది. మా ఊరోళ్ల ఫోల్డర్ దీనిమీదికి కాపీ కొట్టి పెట్టక్కా, సాయంత్రంలోపు కొట్టు అంది. కొడతానన్నాను. ఆ సాయంత్రమే సుజాత నా దగ్గరికొచ్చింది. దానికి పెళ్లి కుదిరింది, పసుపు దంచే రోజు మోగించడానికి పాటలు కావాలంది. రేపు భద్రాచలం నుంచి ఇంకో సీడీ తెప్పిస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. జోగమ్మ పేరు రాసిన సీడీ మీద సుజాత పాటలు కొట్టాను. మర్నాడు పసుపు దంచుతూ దాన్ని ఇంట్లో మధ్యాహ్నం దాకా మోగించారు, నేను ఇంకో సీడీ తెప్పించలేదు.

ఆ మర్నాడు మగపెళ్లివారు వచ్చారు. మధిర నుంచి సుజాతకు కాబోయే మామగారు స్వయంగా శుభలేఖలో వెయ్యాల్సిన తమవైపు పేర్లు పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని తెచ్చాడు. ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక అన్నది తప్పితే పెళ్లి ఆగేంత సంగతని ఆయన మొహమే చెప్తోంది. నేను అలవాటుగా పెన్‌డ్రైవ్ తీసుకుని మూలనున్న పాత కంప్యూటర్ వైపు నడిచాను. అటెందుకమ్మా అని పెదనాన్న అడిగాడు. బయటివన్నీ ముందు ఇక్కడ చూడాలి పెదనాన్నా, ఏమైనా ఉందేమోనని అన్నాను.

పెళ్లికొడుకు తండ్రి కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "మేం తెచ్చినదాంట్లో ఏముంటుందమ్మా?" అన్నాడు, నవ్వుతూనే. పెదనాన్న మొహం నల్లబడింది. "బావగారూ, పిల్లకు తెలియక అంది, మీరేం అనుకోకండి," అని ఆయనకు చెప్పి, నావైపు తిరిగి, పెద్దదానిలో పెట్టు అన్నాడు. వియ్యాలవారి పెన్‌డ్రైవ్‌ను సోదా చెయ్యడం మా ఇళ్లలో వాళ్ల జేబులు తడమడంతో సమానం. నేను పెద్దదానిలో పెట్టాను. షిఫ్ట్ కూడా నొక్కలేదు, ఆ నొక్కడం కూడా ఆయన కంటపడుతుందేమోనని. పెళ్లి అని పేరున్న పసుపుపచ్చ ఫోల్డర్ బొమ్మ మీద రెండుసార్లు నొక్కాను. పక్కన రకం ఏమని రాసుందో చదవలేదు. ఒక నల్లతెర కనురెప్పపాటు వచ్చి పోయింది, తర్వాత పేర్ల జాబితా మర్యాదగా తెరుచుకుంది.

ఆయన వెళ్లిన గంటకు కంప్యూటర్‌లో ఫోల్డర్లన్నీ మాయమై వాటి వేషాలు మిగిలాయి. పోడు కాగితాలూ అంతే. నేను చూడగానే గుర్తుపట్టాను, పంతులుగారి పెన్‌డ్రైవ్‌లో చూసిన దొంగే. అన్నీ లోపలే ఉన్నాయి, దాక్కుని ఉన్నాయి. బయటికి తెచ్చే వరుస రాసిన నోట్‌బుక్ నా మోచేతి కింద సొరుగులో ఉంది. తీసి చూసి కొడితే అయిపోయేది. కానీ తీస్తే ఎందుకిలా అయిందని అడుగుతారు. అడిగితే వియ్యంకుడి పెన్‌డ్రైవ్ పేరు చెప్పాలి, చూడకుండా పెట్టానని చెప్పాలి, సీడీ ఏదంటే పాటల సంగతి చెప్పాలి. నేను సొరుగు తెరవలేదు. ఏమైందో తెలియదు పెదనాన్నా అన్నాను.

మర్నాడు పొద్దున కొత్తగూడెం నుంచి ఒక నిపుణుణ్ని తెప్పించారు. అతనికి తెలిసిన వైద్యం ఒకటే. తెరను రెండు నిమిషాలు చూసి, వైరస్ మొత్తం పట్టేసింది సార్, ఫార్మాట్ కొట్టాలె అన్నాడు. ఫార్మాట్ అంటే లోపలున్నదంతా తుడిచిపెట్టి కొత్తగా మొదలుపెట్టడం. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. మా వాళ్లకు అది బాగా నచ్చింది, శుద్ధి చేసినట్టు ఉంటుందనుకున్నారు. ఒక్కరోజు ఆగితే జోగమ్మ వస్తుందని ఎవరికీ తోచలేదు. తోచిన నేను నోరు మెదపలేదు. అతను కొడుతున్నంతసేపూ పక్కనే నిలబడి, కావాలంటే స్క్రూడ్రైవర్ అందించాను. మధ్యాహ్నం అతనికి భోజనం పెట్టారు. పెద్దమ్మ గరిటె పొడిగుడ్డతో తుడిచి చిన్న జాడీలోంచి ఆవకాయ వడ్డించింది. నిపుణుడు అమోఘం అన్నాడు.

జోగమ్మ చెప్పిన రోజుకే వచ్చింది. చేతిసంచిలో పెద్దమ్మకోసం పండగ మామిడికాయలు తెచ్చింది. పెదనాన్న ఆమెను కూర్చోమనలేదు. నీ ఊరివాళ్లను రోజూ లోపలికి రానిచ్చినందుకు ఇదీ ఫలితం, ఎవడు ఏ సీడీ తెచ్చి పెట్టాడో, కంప్యూటర్ మొత్తం నాశనమైంది, పెళ్లి పనులు ఆగిపోయాయి అన్నాడు. ఆ ముసలివాళ్లు కర్రలు తప్ప ఏమీ తేలేదని ఆయనకూ తెలుసు. జోగమ్మ నావైపు తిరిగింది.

"అక్కా, సీడీ కొట్టినవా?"

"కొట్టాను. అది కూడా చెడిపోయింది."

"చెడిపోతే పోనీ. ఇయ్యి, నేను చూస్త."

"పారేశాను," అన్నాను.

ఇంట్లో అప్పుడు పాటలు మోగుతున్నాయి. ఆమె లోపలి గదివైపు ఒకసారి చూసింది. తర్వాత నా సొరుగు తెరిచి తన నోట్‌బుక్ తీసుకుంది. మామిడికాయల సంచి స్టూలు మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం సీడీని ప్లేయర్‌లోంచి తీసి ఇనప్పెట్టె అడుగున వేశాను. పెద్దమ్మ కాయలు కోసి, పులుపున్నా మంచి రుచి అని మెచ్చుకుంది. ఇంటికి పట్టిన దరిద్రం ఆ పిల్లతో పోయిందని కూడా అంది. నేను మూడు ముక్కలు తిన్నాను.

తర్వాత జోగమ్మ ఇల్లిల్లూ తిరిగి అన్నీ మళ్లీ రాసుకుందని విన్నాను. ఆ గ్రామసభ దాటిపోయింది, తర్వాతిదానికి చాలామంది మాటలు అందాయి. వాళ్ల తాత మాట అందలేదు. జ్వరంతో మంచం పట్టి మాట పడిపోయింది, తొలకరికి పోయాడు. తూర్పున మద్దిచెట్లున్నాయని చెప్పేవాళ్లున్నారు గానీ, ఆ రాయి ఎవరిదో, ఎవరు పాతారో తన కళ్లతో చూసి చెప్పగలవాడు ఆయనొక్కడే. ఆ పొలం వాళ్లది కాకుండా పోయింది. ఇప్పుడు అక్కడ ఎవరివో జామాయిలు చెట్లు వరుసగా ఉన్నాయి. బస్సులో ఆ దారిన వెళ్లినప్పుడు నేను రెండో వైపు కూర్చుంటాను.

ఇదంతా ఇనప్పెట్టె ముందు కూర్చుని తలుచుకున్నాను. అప్పటికీ ఇప్పటికీ మారిందేమిటని చూస్తే పెన్‌డ్రైవ్ పోయి వాట్సాప్ వచ్చింది. ఊళ్లో ఒక్క కంప్యూటర్ ఉన్నచోట మనిషికొకటి జేబులో ఉంది. ఆ దొంగసరుకు రాసేవాడికి మా మర్యాద అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. అందుకే వాడు పెళ్లిపత్రిక వేషమే వేస్తాడు. ఆనాటిది దాచిపెట్టింది, ఈనాటిది దోచుకుపోతుంది, తేడా అంతే. దొంగలకు చదువు పెరిగింది. మా వాళ్లకు గర్వం ఒక్కటే పెరిగింది. వాళ్లను ఇంతగా తిడుతున్న నేను ఆ రోజు సొరుగు తెరవని మనిషిని. వాళ్లకు తెలియదు, నాకు తెలుసు. ఏది ఎక్కువ తప్పో లెక్క చూసుకోవడానికి నాకు ఏ కోర్సూ అక్కర్లేదు.

ముందుగదిలోకి వచ్చి పెదనాన్న ఫోన్‌కు మళ్లీ ఇంటర్నెట్ కలిపాను. కలపగానే వాట్సాప్ కాల్స్ మొదలయ్యాయి. అందరిదీ ఒకటే ప్రశ్న, పెళ్లి ఎవరిది అని. ఒకాయన అయితే తనకు తెరుచుకోవడం లేదు, మళ్లీ పంపమన్నాడు. ఆ తర్వాత తెరమీద ఇంకో పేరు వచ్చింది. కంప్యూటర్ జోగమ్మ అని ఉంది. భద్రాచలంలో ఆమెకు ఆన్‌లైన్ సర్వీసు సెంటర్ ఉందని, పెదనాన్న ఆధార్ పనులకు ఆమె దగ్గరికే వెళ్తాడని సుజాత చెప్తే అప్పుడే తెలిసింది. ఏ మొహంతో వెళ్తాడో ఆయన్ను అడగలేదు.

"సార్, మీ ఫోన్‌కెళ్లి ఒక ఫైలొచ్చింది. నేను తెర్వలే. మీరు తెరిచిన్రా?"

"సార్ కాదు జోగమ్మా. నేను, శారదను."

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడింది. అవ్, గొంతు గుర్తుపట్టిన అంది. తర్వాత వరుసగా అడిగింది, నెట్ కట్ చేశానా, బ్యాంకుకు చెప్పానా, మెసేజీల అనుమతి తీశానా, వాట్సాప్ ఇంకెక్కడైనా తెరిచి ఉందేమో చూశానా అని. పరీక్షలో పిల్లలా ఒక్కొక్కటే చెప్పుకొచ్చాను. అన్నీ చేశాను గానీ ఒకటి చెయ్యలేదు. ఆ ఫైలు అందినవాళ్లకు ఇంకా చెప్పలేదు.

"ముందుగాల గా పని చెయ్యక్కా. ఫోన్ బాగుచేసుకునుడు తర్వాత. సిగ్గుపడి చెప్పకపోతేనే అది పాకుతది," అంది.

ఆమె ఫోన్ పెట్టేస్తుందేమోనని నేను తొందరపడ్డాను. "జోగమ్మా, ఆ సీడీ దొరికింది," అన్నాను.

"పాటల సీడీనా?"

నీకెలా తెలుసు అన్నాను. "డబ్బాల ఒక్కటే మిగిలి ఉండె గద. ఇంట్ల పాటలు మోగుతుండె. గంత లెక్క నాకు రాదా," అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు సులువుగా ఉండేది.

ఆ రోజు ఏమేం జరిగిందో, ఎవరి పెన్‌డ్రైవో, సొరుగు ఎందుకు తెరవలేదో అన్నీ రాసి నీకు పంపుతాను జోగమ్మా, ఒక్కసారి చదువు అన్నాను.

"వద్దక్కా. మీ ఇంటి నుంచి ఏది వచ్చినా నేను తెర్వను," అంది. ఫైలు గురించి చెప్పిన గొంతుతోనే చెప్పింది. సార్‌ను ఆధార్ కార్డు తీసుకుని ఎప్పుడన్నా రమ్మనమని చెప్పి పెట్టేసింది.

నేను ఆ స్టూలు ముందే కూర్చుని పెదనాన్న ఫోన్‌లో ఉన్నవాళ్లకు ఒక్కొక్కరికీ మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాను. మా ఫోన్ నుంచి వచ్చింది పెళ్లిపత్రిక కాదు, తెరవకండి, తెరిచి ఉంటే ఇలా ఇలా చెయ్యండి, తప్పు మాదే అని రాశాను. పెదనాన్న కళ్లజోడు పెట్టుకుని చదివి, చివరి మాట తీసెయ్యమ్మా, పరువు పోతుంది అన్నాడు. తియ్యలేదు. వియ్యంకుడి ఇంటికి పంపాను, దమ్మపేట చుట్టానికి పంపాను, ఊరూ పేరూ తెలియని వాళ్లకు కూడా పంపాను. అక్షరాల వరుసలో కంప్యూటర్ జోగమ్మ అన్న పేరు దగ్గరికొచ్చాను. ఆమెకు మాత్రం పంపలేదు. తెరవదు.